పాత రౌటర్లా, సీలింగ్ యాక్సెస్ పాయింటా: చిన్న ఆఫీసు వైఫైపై సమీక్ష

విజయవాడలోని మా ఆడిట్ ఆఫీసు రెండంతస్తుల్లో ఉంది. ఫైబర్ కనెక్షన్ కింది అంతస్తుకే వస్తుంది, మధ్యనున్న కాంక్రీటు స్లాబును దాటి పై గదులకు సిగ్నల్ సరిగా అందేది కాదు. నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువైన 20వ తేదీ దగ్గరపడేసరికి పైనున్న సిబ్బంది ల్యాప్‌టాప్‌లు పట్టుకుని కిందికి దిగాల్సి వచ్చేది. మొదట మూలన పడివున్న పాత రౌటర్లతోనే సరిపెట్టాలని చూశాం, ఆ తరువాత సీలింగ్‌కు బిగించే యాక్సెస్ పాయింట్ (కేబుల్ ద్వారా వచ్చే నెట్‌ను వైఫైగా అందించే పరికరం) టీపీ-లింక్ ఈఏపీ225 కొన్నాం.

పాత రౌటర్‌ను వైరు లేకుండా రిపీటర్‌గా పెట్టడం ఆఫీసు పనికి చాలదు. దానిలోని ఒకే రేడియో పరికరం సిగ్నల్‌ను అందుకుని, మళ్లీ దాన్నే పంపాలి కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అదే రౌటర్‌కు కింది నుంచి క్యాట్-5ఇ నెట్‌వర్క్ కేబుల్ లాగి, దానిలోని డీహెచ్‌సీపీని (కంప్యూటర్లకు ఐపీ చిరునామాలు పంచే సదుపాయాన్ని) ఆపివేసి, రౌటర్ సొంత ఐపీ చిరునామా మార్చి, కేబుల్‌ను ఇంటర్నెట్ లైను కోసం ఉండే వ్యాన్ పోర్టులో కాక, కంప్యూటర్లు కలిపే లాన్ పోర్టులో పెట్టినప్పుడు తేడా స్పష్టంగా తెలిసింది. డీహెచ్‌సీపీని ఆపడం చాలా ముఖ్యం. రెండు రౌటర్లూ ఎవరికి వారు చిరునామాలు పంచితే కొన్ని కంప్యూటర్లకు ఇంటర్నెట్ అందకుండా పోతుంది, కారణం వెతకడం కూడా కష్టమవుతుంది.

అయితే పాత పరికరం పరిమితులు కేబుల్‌తో తీరవు. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉన్న రౌటర్లకు ఒకదానితో ఒకటి ఢీకొనని చానళ్లు 1, 6, 11 మూడే, ఇరుగుపొరుగు ఆఫీసులవారూ వాటినే వాడుతుంటారు. పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయితే అంతకు మించిన ప్లాన్ తీసుకున్నా దాని ద్వారా ఆ వేగం రాదు.

ఈఏపీ225 మాకు బాగా నచ్చింది. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లూ ఉన్నాయి, పోర్టు గిగాబిట్‌ది. 802.3ఏఎఫ్ పీఓఈ స్విచ్ ఉంటే కరెంటూ డేటా ఒకే కేబుల్‌లో వెళతాయి కనుక సీలింగ్ దగ్గర ప్లగ్ పాయింటు పెట్టించాల్సిన అవసరం లేకపోయింది. క్లయింట్లకు వేరే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వగలగడం మావంటి ఆఫీసుకు ఎంతో విలువైన సదుపాయం. అయితే ఇది వైఫై 5 తరం పరికరం. ఇప్పుడు కొత్తగా కొనేవారు వైఫై 6 ఉన్న ఈఏపీ610 వంటివాటిని చూడడం మేలని నా అభిప్రాయం.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు కేబుల్ వేయించండి, పరికరం ఎప్పుడు మార్చినా అది పనికొస్తుంది. నలుగురైదుగురు వాడే గదికి ఆ కేబుల్ చివర మంచి స్థితిలో ఉన్న పాత రౌటర్ చాలు, పదిమంది కూర్చునే హాలుకు మాత్రం కొత్తది కొనడమే న్యాయం. తయారీదారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆపేసిన రౌటర్‌ను మాత్రం, అది ఎంత బాగా పనిచేస్తున్నా, క్లయింట్ల పాన్ వివరాలూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఉన్న నెట్‌వర్క్‌లో పెట్టకండి.