పాత కౌంటీ జైలు: హోటలా, మ్యూజియమా, పాడుబడ్డ కొంపా?

ఖైదీలను ఖాళీ చేయించాక పాత జైలును ఏం చేయాలి? అమెరికా ఈశాన్యాన ఈ ప్రశ్నకు మూడు కౌంటీల్లో మూడు రకాల జవాబులు కనిపిస్తాయి.

బోస్టన్‌లో చార్లెస్ స్ట్రీట్ జైలు 1851లో కట్టింది. గ్రానైట్ గోడలు, శిలువ ఆకారం, నడుమ 90 అడుగుల ఎత్తున లేచిన హాలు. వివాదాస్పద హత్య కేసులో మరణశిక్ష పడిన ఇటలీ వలసదారులు సాకో, వాంజెట్టీ, నల్లజాతి హక్కుల నేత మాల్కం ఎక్స్ ఇక్కడ బందీలుగా ఉన్నవాళ్లే. అక్కడి పరిస్థితులు ఖైదీల రాజ్యాంగ హక్కులను కాలరాస్తున్నాయని 1973లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. అయినా మూతపడింది 1990లో! 2007 నుంచి అది లిబర్టీ హోటల్. అంత పెద్ద కట్టడాన్ని నిలబెట్టింది హోటల్ డబ్బే, కాదనలేం. కానీ తాగి పట్టుబడినవాళ్లను పడేసిన చోట ఇప్పుడు బారు, దాని పేరు అలిబై, అంటే నేరం జరిగినప్పుడు నేను అక్కడ లేనని నిందితుడు చూపే ఆధారం. తీర్పు వచ్చాక కూడా 17 ఏళ్లు అక్కడ మగ్గినవాళ్లను తలుచుకుంటే ఆ పేరు నాకు మింగుడుపడదు.

పెన్సిల్వేనియాలో జిమ్ థోర్ప్ అనే చిన్న ఊరిది వేరే దారి. అక్కడి కార్బన్ కౌంటీ జైల్లో మోలీ మగ్వైర్లుగా, అంటే గనుల ప్రాంతంలో హత్యలు చేసిందన్న రహస్య ఐరిష్ ముఠా సభ్యులుగా, ముద్రపడ్డ ఏడుగురు ఐరిష్‌వాళ్లను 1877–79 మధ్య ఉరితీశారు, అందులో నలుగురిని ఒక్క రోజే, 1877 జూన్ 21న. మోలీ మగ్వైర్ల మీద ఆ ప్రాంతంలో నడిచిన కేసుల్లో కీలక సాక్షి ఒక ప్రైవేటు డిటెక్టివ్. వాటిలో కొన్నింట ప్రభుత్వం తరఫున వాదించినవాళ్లలో ఒకడు గనులు, రైళ్లు నడిపిన కంపెనీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ గోవెన్. 17వ నంబరు గదిలో ఒక అరచేతి గుర్తు ఉంది. తాను నిర్దోషినని చాటుతూ ఉరికి వెళ్లే ముందు ఒక ఖైదీ గోడకు చెయ్యి అద్దాడని, ఎంత కడిగినా పోలేదని చెప్పుకుంటారు. ఆ కథను నమ్మకపోయినా, ఆ గది ముందు నిలబడ్డవాళ్లకు విచారణ ఎవరి చేతుల్లో జరిగిందో తెలుస్తుంది. 1995 దాకా జైలుగా నడిచిన ఆ కట్టడం ఇప్పుడు మ్యూజియం. నా ఓటు దీనికే.

ఇక న్యూజెర్సీలో, మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న చోటికి దగ్గర్లోనే, నెవార్క్‌లో ఎసెక్స్ కౌంటీ పాత జైలు ఉంది. 1837 నాటిది. 1970లో ఖైదీలు కొత్త జైలుకు మారారు. 1991లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు గానీ, జాబితా కప్పును నిలబెట్టదు. పైకప్పులు కూలాయి, లోపల చెట్లు మొలిచాయి. కూల్చేస్తే పోలా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

నెవార్క్ జైలు నమూనా గీసిన ఆర్కిటెక్ట్ జాన్ హావిలాండే ఫిలడెల్ఫియాలోని ఈస్టర్న్ స్టేట్ జైలునూ గీశాడు. అదీ 1971లో మూతపడి పాడుబడిందే. దాన్ని కొత్తగా మెరిపించలేదు. ఇంకా కూలకుండా ఊతమిచ్చి, పెచ్చులూడిన గోడల మధ్యే 1994 నుంచి జనానికి చూపిస్తున్నారు. హోటలంత పెట్టుబడి దొరకని నెవార్క్‌కు నేను అడిగేది అదే: ముందు కూలే గోడలకు ఊతం, ఆ తర్వాత ఒక్క వరుస గదులైనా జనానికి తెరవడం.