కొత్త రంగు చూసి పాత చైన్‌సా కొనకండి: నా అనుభవంతో చేస్తున్న హెచ్చరిక

పాతకాలపు చైన్‌సాలకు (చెట్లు కోసే ఇంజను రంపాలకు) కొత్త రంగు వేసి, కొత్త స్టిక్కర్లు అంటించి, ‘పూర్తిగా రీస్టోర్ చేశాం’ అని చెప్పి అమ్మేవారి దగ్గర కొనాలనుకుంటున్న తెలుగువారు, ముఖ్యంగా అమెరికాలో ఇంటి వెనుక చెట్లున్నవారు, డబ్బు ఇచ్చేముందు దయచేసి ఇది చదవండి. నేను 425 డాలర్లు పోగొట్టుకున్నాను. అంతకంటే నన్ను బాధపెడుతున్నది, దశాబ్దాల పాటు పనిచేసిన ఒక మంచి ఇంజను నా చేతుల్లో పాడైపోవడం.

మేము ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ శివార్లలో ఉంటాము. 2024 జనవరిలో వచ్చిన ఈదురుగాలులకు, మంచుకు ఈ ప్రాంతంలో ఎన్నో డగ్లస్ ఫర్ చెట్లు కూలిపోయాయి, మా పెరట్లోనూ ఒకటి పడింది. దానిని దుంగలుగా కోసి చలికాలానికి దాచుకోవాలనుకున్నాను. మా నాన్నగారు పొలంలో కిర్లోస్కర్ ఇంజను విప్పి బిగిస్తుంటే పక్కన కూర్చుని స్పానర్లు అందిస్తూ పెరిగినవాడిని కాబట్టి, ప్లాస్టిక్ తొడుగులున్న కొత్త యంత్రం కంటే లోహపు పాత యంత్రమే నాకు నచ్చింది. అలా మెకల్లక్ 10-10 కోసం వెతికాను. అది 54 సీసీ ఇంజను, దాని ఒళ్లంతా మెగ్నీషియం పోత. 1968లో లండన్ బ్రిడ్జిని కొని, దాని రాళ్లను అరిజోనాలోని లేక్ హవాసు సిటీకి తరలించిన రాబర్ట్ మెకల్లక్ గారి కంపెనీ యంత్రం అది. ఆ కంపెనీ పసుపు రంగును పాత యంత్రాలంటే ఇష్టమున్నవారు దూరం నుంచే గుర్తుపడతారు. నేనూ ఆ రంగుకే పడిపోయాను.

అమ్మిన వ్యక్తి తన గ్యారేజీలో నా ముందే తాడు లాగి చూపించాడు. రెండో లాగుకే ఇంజను అందుకుంది. నేను వెళ్లేసరికే దాని ఒళ్లు వెచ్చగా ఉందని చేతికి తెలిసింది, కానీ అప్పుడు దాని గురించి ఆలోచించలేదు. చల్లగా ఉన్న ఇంజను ఎన్ని లాగులకు అందుకుంటుందో చూస్తేనే దాని అసలు స్థితి తెలుస్తుంది. అమ్మేవారు ముందే వేడి చేసి ఉంచారంటే అనుమానించాలి.

ఇంటికి తెచ్చాక, 32 భాగాల పెట్రోలుకు ఒక భాగం ఆయిల్ కలిపి నింపాను. రెండో దుంగ కోస్తుండగా, నేను యాక్సిలరేటర్ వదిలినా ఇంజను దానంతటదే వేగం పెంచుకుంటూ పోయి, సన్నగా కీచుమని, ఒక్కసారిగా ఆగిపోయింది. తాడు లాగితే కదలలేదు. పిస్టన్ సీజ్ అయింది, అంటే సిలిండరులో కదలకుండా పట్టేసింది.

ఆ రాత్రి సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూశాను. పిస్టన్ మీద నిలువుగా, గోరుకు తగిలేంత లోతైన గీతలు పడి ఉన్నాయి. తర్వాత పూర్తిగా విప్పితే కారణం బయటపడింది. పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్టు చివర బయటి గాలి చొరకుండా ఆపే ఆయిల్ సీలు రబ్బరు ఎండి గట్టిపడింది. దాని అంచు మీద అదే కొత్త పసుపు రంగు మరక ఉంది. అంటే పాత సీలును తీయకుండానే, ఇంజనును విప్పకుండానే, పైనుంచి రంగు కొట్టారన్నమాట. సీలు దగ్గర గాలి లోపలికి పీల్చుకుంటే లోపలికి వెళ్లే మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గిపోతుంది. ఇలాంటి ఇంజనుకు ఆయిల్ అందేది పెట్రోలుతోనే కాబట్టి, వేగం పెరుగుతూ ఉండగానే లోపల తడి ఆరిపోయి పిస్టన్ పట్టేస్తుంది. అంతేకాదు, షాఫ్టును వేళ్లతో తిప్పితే బేరింగు కరకరలాడింది. పాత రంగు ఊడగొట్టడానికి ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మే బ్లాస్టింగ్ తాలూకు రేణువులు అందులో ఉన్నాయి. ఇంజను బిగించి ఉండగా బ్లాస్టింగ్ చేయడం కంటే పెద్ద అపచారం ఇంకొకటి లేదు.

రంగు కూడా నిలవలేదు. ఇక్కడ దొరికే పెట్రోలులో సాధారణంగా పది శాతం వరకు ఎథనాల్ ఉంటుంది, మామూలు డబ్బా స్ప్రే రంగు దానికి తట్టుకోదు. ట్యాంకు మూత చుట్టూ నాలుగు చుక్కలు ఒలికిన చోట, కాగిన పాల మీద మీగడలా రంగు ముడతలు పడి, బట్టతో తుడిస్తే ఊడి వచ్చింది. దాని కింద ప్రైమర్ లేదు, తెల్లటి పొడి బారిన మెగ్నీషియం ఉంది. సైలెన్సర్ బోల్టు మరలు అరిగిపోయిన చోట లప్పం నింపి, పైన రంగు వేసి కప్పేశారు.

అమ్మిన వ్యక్తికి ఫొటోలన్నీ పంపాను. ‘పాత వస్తువు, ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను’ అని జవాబు వచ్చింది. ప్రకటనలో మాత్రం ఆ మాట లేదు, ‘ప్రతి భాగం విప్పి బాగు చేశాం’ అని ఉంది. అందుకే ప్రకటనను కొనకముందే ఫొటో తీసి దాచుకోండి. నేను దాచుకోలేదు, తర్వాత వెతికితే అది తీసేసి ఉంది.

నిజంగా రీస్టోర్ చేసినవారి దగ్గర రంగు వేయకముందు తీసిన ఫొటోలు ఉంటాయి. విప్పిన క్రాంక్‌కేసు (క్రాంక్ షాఫ్టు ఉండే పెట్టె), కొత్త సీళ్లు, కార్బురేటర్‌లోని పలుచని పొరలైన డయాఫ్రమ్‌లు ఆ ఫొటోల్లో కనిపించాలి. గాలి ఒత్తిడి పరీక్ష చేశారా అని అడగండి. ఇంజను లోపల సుమారు 7 పిఎస్‌ఐ (ఒత్తిడి కొలిచే ప్రమాణం) గాలి నింపితే మీటరు ముల్లు కిందికి జారకుండా నిలవాలి. కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ కలిగించే ఒత్తిడి, 150 పిఎస్‌ఐ దగ్గర ఉంటే సంతోషం, 100 కంటే తక్కువైతే ఎంత మెరిసినా వద్దు. ఆనాటి చాలా యంత్రాలకు చైన్ బ్రేక్ లేదని కూడా గుర్తుంచుకోండి. చైను తిరిగే పొడవాటి పట్టీ, అంటే బార్ కొన ఏదైనా కొమ్మకు తగిలి వెనక్కి ఎగిరితే చైనును ఆపేదేమీ ఉండదు, కాబట్టి చెట్టుపని కొత్తవారు దీనితో మొదలుపెట్టవద్దు.

నా అభిప్రాయంలో, రంగు వెలిసి, మడ్డి పట్టి, చల్లగా ఉన్నప్పుడు నాలుగైదు లాగులకు అందుకునే పాత చైన్‌సాకే ఎక్కువ ధర ఇవ్వవచ్చు, ఎందుకంటే దాని లోపాలన్నీ కంటికి కనిపిస్తాయి. ఏది కొన్నా, ఒక స్క్రూడ్రైవరు, టార్చి వెంట తీసుకువెళ్లి, సైలెన్సర్ తీసి పిస్టన్ చూపించమని అడగండి. చాలా యంత్రాలకు అది కొద్ది నిమిషాల పని. రంగు చెడిపోతుందని చెప్పి విప్పడానికి ఒప్పుకోకపోతే, బేరం ఆడకుండా తిరిగి వచ్చేయండి.