అనంతపురంలో వినపడేదే చూపించే కమాండ్: డీఎక్స్ క్లస్టర్‌తో నా అనుభవం

డీఎక్స్ క్లస్టర్ అంటే హామ్ రేడియో వాళ్లు తమకు వినపడిన దూరపు స్టేషన్ల గురించి ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకునే చోటు, అక్కడ పెట్టే ఒక్కో కబురు ఒక స్పాట్. అందులో ఎన్ని కమాండ్లున్నా నేను వదులుకోలేనిది ఒక్కటే: యాక్సెప్ట్/స్పాట్స్ బై_జోన్. దాన్ని పట్టుకోకముందు కూడా ఏళ్ల తరబడి క్లస్టర్ తెరిచే ఉంచేవాణ్ణి. ఏం లాభం? అమెరికాలో ఒకాయన ఏదో దీవి స్టేషన్ అదిరిపోతోందని స్పాట్ పెడతాడు, నేను ఆ ఫ్రీక్వెన్సీకి పోతే గరగర తప్ప ఏమీ ఉండదు. చెన్నైలో వాన పడుతోందని అనంతపురంలో గొడుగు తెరిచినట్టు ఉండేది నా పని.

అందరూ ముందు నేర్చుకునేది షో/డీఎక్స్, ఈమధ్య పడిన స్పాట్లు చూపించేది. దాని తర్వాత బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) ఫిల్టర్, సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) ఫిల్టర్. వీటి జోలికి నేను పోను, అందరికీ తెలిసినవే. అవన్నీ వినపడిన స్టేషన్ ఎవరు, ఏ బ్యాండ్‌లో ఉన్నాడు అని చూస్తాయి. బై_జోన్ మాత్రం స్పాట్ పెట్టినవాడు ఎక్కడివాడో చూస్తుంది. హామ్‌లు ప్రపంచాన్ని సీక్యూ జోన్లుగా పంచుకున్నారు, మనది జోన్ 22. ఇందులో మనతో పాటు లక్షద్వీప్, శ్రీలంక, మాల్దీవులు, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ వస్తాయి. అండమాన్ మాత్రం రాదు, దాన్ని జోన్ 26లో పెట్టారు. పాకిస్తాన్, గల్ఫ్ దేశాలు 21లో ఉన్నాయి. అందుకని నాది 'యాక్సెప్ట్/స్పాట్స్ 1 బై_జోన్ 21,22,26'. డీఎక్స్‌స్పైడర్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే నోడ్‌లో (మనం కనెక్ట్ అయ్యే క్లస్టర్ కంప్యూటర్‌లో) ఇట్లా ఒక యాక్సెప్ట్ లైను పెడితే చాలు, అందులోకి రానివన్నీ వాటంతటవే ఆగిపోతాయి. వేరే రిజెక్ట్ లైన్లు అక్కర్లేదు. కాల్_జోన్ అని ఇంకోటి ఉంది, అది వినపడిన స్టేషన్ జోన్. రెండింటినీ కలిపి కూడా రాసుకోవచ్చు.

దీని మీద నాకు ప్రేమ పుట్టించింది 2024 జనవరిలో పసిఫిక్‌లోని క్లిప్పర్టన్ దీవి నుంచి నడిచిన టీఎక్స్5ఎస్ అనే స్టేషన్. ఫిల్టర్ లేకుండా చూస్తే రోజంతా ఆ ఒక్క స్టేషన్ స్పాట్లే. అందులో మనకు పనికొచ్చేది ఏదో తేల్చుకునేసరికి బ్యాండ్ మూసుకుపోతుంది. ఫిల్టర్ పెట్టుకుని కూర్చున్నా. తెల్లారి, ఇంకా ఎండ రాకముందు, మన జోన్ నుంచి ఒకే ఒక్క స్పాట్ పడింది, 20 మీటర్ల బ్యాండ్ సీడబ్ల్యూలో. దిక్కు చెప్పే షో/హెడింగ్ కొట్టి చూస్తే దాదాపు ఉత్తరం, కొంచెం తూర్పుకు. అవును మరి, క్లిప్పర్టన్ మనకు భూగోళానికి ఇంచుమించు అవతలి పక్క ఉంటుంది, సుమారు 17 వేల కిలోమీటర్లు, దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచే వేళకే అక్కడ పొద్దు గూకుతుంది. ఆ కొద్దిసేపే తలుపు తెరుచుకునేది. డయల్ తిప్పితే సన్నగా, వణుకుతూ వినపడింది. పైలప్‌లో, అంటే అందరూ ఒకేసారి పిలిచే గోలలో, పిలవగా పిలవగా నా కాల్‌సైన్ (నా స్టేషన్ గుర్తు) తిరిగొచ్చింది. ఇంట్లోవాళ్లు వంటింట్లోంచి 'ఏమైందప్పా?' అని కేక వేసేంత గట్టిగా అరిచాను.

(షో/హెడింగ్ వాడేవాళ్లకు ఒక మాట: సెట్/లొకేషన్‌తో మీ అక్షాంశ రేఖాంశాలు ఇవ్వకపోతే అది నోడ్ ఉన్న చోటు నుంచి దిక్కు చెబుతుంది. నోడ్ ఇంగ్లండ్‌లో ఉంటే మీ యాంటెన్నా ఎటు తిరుగుతుందో ఊహించుకోండి.)

అదే ఏడాది ఆగస్టులో జార్విస్ దీవి నుంచి ఎన్5జే వచ్చింది. నాకు కొత్త ఎంటిటీ, అంటే నేనింకా కాంటాక్ట్ చేయని చోటు. పొద్దున లేచి కంప్యూటర్ పెడితే నా నోడ్ కనెక్ట్ కావట్లేదు. ఇంటర్నెట్ బాగానే ఉంది, మిగతావన్నీ తెరుచుకుంటున్నాయి. నోడ్ ఒక్కటే పోయింది. కాంటాక్టులు రాసుకునే లాగింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండో నోడ్ అడ్రస్ ఒకటి ఎప్పుడో పెట్టి ఉన్నా, దాంట్లోకి పోయాను. అంతే, కట్ట తెగింది. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ పద్ధతి) స్పాట్లు, స్కిమ్మర్ (తనంతట తానే విని స్పాట్ పెట్టే సాఫ్ట్‌వేర్) స్పాట్లు, యూరప్ వాళ్లు, అమెరికా వాళ్లు, కళ్లు తిరిగేటట్టు పైకి పోతున్నాయి. ఎందుకంటే ఫిల్టర్లు మన దగ్గర ఉండవు, ఏ నోడ్‌లో పెట్టామో అందులోనే ఉంటాయి. ఇంకో నోడ్‌కు పోతే మనం కొత్తవాళ్లమే.

సరే, మళ్లీ కొడదామని యాక్సెప్ట్/స్పాట్స్ కొట్టాను. అట్లాంటి కమాండ్ లేదు పొమ్మంది. అది డీఎక్స్‌స్పైడర్ కాదు, సీసీ క్లస్టర్ అనే వేరే సాఫ్ట్‌వేర్. దాని పద్ధతి వేరు: సెట్/నోస్కిమ్మర్ కొడితే స్కిమ్మర్ల పోటు తగ్గుతుంది, సెట్/నోఎఫ్‌టీ8 కొడితే ఎఫ్‌టీ8 పోతుంది. స్పాట్ పెట్టినవాణ్ణి బట్టి వడకట్టాలంటే సెట్/ఫిల్టర్ డీఓసీ/పాస్ అని కొట్టి దేశాల ప్రిఫిక్స్‌లు (కాల్‌సైన్ మొదట్లో ఉండే అక్షరాలు, మనది వీయూ) వరసగా ఇవ్వాలి. వీయూ, 4ఎస్, 8క్యూ, 9ఎన్, ఎస్2, ఏ5 అని ఒక్కోటి గుర్తు తెచ్చుకుంటూ, మధ్యలో వచ్చిపడే స్పాట్లు నేను కొడుతున్న లైనును ముక్కలు చేస్తుంటే, కొట్టి ముగించేసరికి పొద్దెక్కింది. ఇంతలో ధర్మవరం అన్న ఫోన్. 'ఏమప్పా, జార్విస్ పట్టుకుంటివా? ఇప్పటిదాకా బాగుండె.' నేను రేడియో దగ్గరికి పోయేసరికి గరగరే. ఆ ఎక్స్‌పెడిషన్ ముగిసేలోపు మళ్లీ అంత బాగా నాకు వినపడలేదు. జార్విస్ ఇప్పటికీ నా లాగ్‌బుక్‌లో లేదు.

నా నోడ్ తర్వాత తిరిగొచ్చింది, కానీ ఖాళీగా. పేరు, ఊరు, లొకేషన్, ఫిల్టర్ అన్నీ పోయాయి. నడిపేవాళ్లు సొంత ఖర్చుతో నడుపుతారు, వాళ్లను అనడానికి నోరు రాదు. కోపం మాత్రం ఉంది. అప్పటినుంచి రెండు రకాల నోడ్లకూ కావాల్సిన కమాండ్లు లాగింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే రాసి పెట్టా, కనెక్ట్ కాగానే అదే పంపుతుంది. చివర్లో ఒక షో/ఫిల్టర్ కూడా, నిజంగా పడిందా లేదా చూసుకోవడానికి.

ఇక ఇందాక పొగిడినదానికి కొంచెం కోత పెట్టాలి. మన చుట్టుపక్కల దేశాల్లో స్పాట్ పెట్టేవాళ్లు తక్కువ. వినేవాళ్లున్నారు, కాంటాక్ట్ చేసేవాళ్లున్నారు, కానీ కాంటాక్ట్ అయ్యాక చల్లగా తర్వాతి స్టేషన్‌కు పోతారు. అందువల్ల ఫిల్టర్ పెట్టాక ఒక్కోరాత్రి గంటలకొద్దీ తెర ఖాళీ. లింకు తెగిందా, బ్యాండ్ మూసుకుందా, ఎవరూ పెట్టలేదా తెలియదు. నాకు అనుమానం వచ్చినప్పుడు మామూలు షో/డీఎక్స్ కొడతా, స్పాట్లు వస్తే లింకు ఉన్నట్టే. నా ఫిల్టర్‌లో ఇంతకుముందు ఏం పడ్డాయో చూడాలంటే షో/మైడీఎక్స్.

ఇంకో చిక్కు. క్లస్టర్ జోన్‌ను కాల్‌సైన్ చూసి లెక్కేస్తుంది, చెవి ఎక్కడుందో దానికి తెలియదు. వీయూ కాల్‌సైన్ ఉన్నాయన యూరప్‌లోని రిమోట్ రిసీవర్‌లో విని స్పాట్ పెట్టినా నాకు అది జోన్ 22 స్పాట్‌గానే వస్తుంది. అట్లాంటివి నమ్మి పరిగెత్తి వెనక్కి వచ్చిన పొద్దులూ ఉన్నాయి. నిజంగా బెంగళూరులో విన్నదైనా నాకు వినపడుతుందని గ్యారంటీ లేదు. నాది మేడ మీద నీళ్ల ట్యాంకు పక్క ఇనుప పైపుకు కట్టిన ఇన్వర్టెడ్ వీ, తిరగేసిన వీ ఆకారపు తీగ యాంటెన్నా. పక్కింటి సోలార్ ఇన్వర్టర్ గరగర పొద్దెక్కితే మొదలవుతుంది, వీధిలో ఎల్‌ఈడీ దీపాలది పొద్దు గూకితే మొదలవుతుంది. సన్నటి సిగ్నల్ తెల్లారి దీపాలు ఆరాక, ఇన్వర్టర్ మొదలయ్యేలోపు దొరికితేనే.

మిగతా కమాండ్లలో షో/డబ్ల్యూడబ్ల్యూవీ ఒక్కటి నిత్యం వాడతా, సోలార్ ఫ్లక్స్, భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అలజడిగా ఉందో చెప్పే ఏ, కే అంకెల కోసం. 2024 మేలో కే 9 దాకా పోయిన ఆ సౌర తుపాను పొద్దున, హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) అంతా చచ్చి పడుంటే, మేడెక్కి యాంటెన్నా కేబుల్ కనెక్టర్లు విప్పబోయి ముందు దీన్ని కొట్టి చూశా. మేడెక్కే పని తప్పింది. మెసేజ్‌లు పంపుకునే అనౌన్స్, టాక్ లాంటివి నేను వాడను, నచ్చవు.

కాబట్టి బై_జోన్ పెట్టుకోవాలా అంటే, ఎవరి పరిస్థితి వాళ్లది. హెక్స్‌బీమ్ లాంటి తిప్పే యాంటెన్నా, మంచి టవర్ ఉన్నవాళ్లకు ఇంత ఇరుకు ఫిల్టర్ నష్టమేనేమో, వాళ్లకు యూరప్ స్పాట్లు కూడా పనికొస్తాయి. కాంటెస్ట్ రోజుల్లో నేనే క్లియర్/స్పాట్స్ ఆల్ కొట్టి తీసేస్తా. ఆఫీసుకు పోయేముందు కాసేపు మాత్రమే రిగ్ ముందు కూర్చునే నాలాంటివాళ్లకు, 100 వాట్లు, ఒక తీగ ఉంటే, 21,22,26 సరిపోతాయి. రిటైరై రోజంతా వినే పెద్దలకు ఇది అక్కర్లేదు. వాళ్లు విన్నప్పుడల్లా ఒక స్పాట్ పెడితే నా ఫిల్టర్ ఇంకా బాగా పనిచేస్తుంది.