నాలుగు పుర్రెల సెట్: ఎనిమిది నెలలు వాడాక

తిరుపతి కొర్లగుంటలో మా ఇంట్లోనే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు జీవశాస్త్రం ట్యూషన్ చెప్తాను. పోయిన జూన్‌లో మానవ పరిణామం పుర్రెల సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫైబర్‌తో పోసిన అచ్చులు, అసలు సైజువే. ధర 11,200 రూపాయలు, డెలివరీకి ఇంకో 450. నాలాంటి ట్యూషన్ టీచర్‌కి ఇది చిన్న మొత్తం కాదు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. ఆ అధ్యాయం పేరులో ఇప్పుడు వంశపారంపర్యం ఒక్కటే మిగిలింది. నా దగ్గరికొచ్చే పిల్లలు ఆ మాటే వినకుండా ఇంటర్‌కి పోతారేమో అనే బెంగతో కొన్నాను.

పెట్టెలో నాలుగు పుర్రెలుంటాయి. మొదటి మూడూ మనకు దగ్గరివే అయినా ఇప్పుడు లేని పాత జాతులవి. దక్షిణాఫ్రికాలో 1947లో దొరికిన ఆస్ట్రలోపిథెకస్, దాన్ని అందరూ మిసెస్ ప్లెస్ అంటారు. చైనాలో దొరికిన హోమో ఎరెక్టస్. ఫ్రాన్స్‌లోని లా షపెల్ గుహలో దొరికిన నియాండర్తల్. నాలుగోది మన పుర్రె. ప్యాకింగ్ బాగాలేదు. మిసెస్ ప్లెస్ చెంప ఎముక విరిగే వచ్చింది, ఫెవిక్విక్‌తో అతికించుకున్నాను. రంగు మాత్రం బాగుంది, మట్టిలోంచి అప్పుడే తీసినట్టు ఉంటుంది. కనుబొమల గట్లు, పుర్రె అతుకులు, నరాలు వెళ్లే చిన్న కంతలు కూడా వేలితో తడిమితే తెలుస్తాయి.

నేను ఎక్కువగా వాడేది రాగుల లెక్కకి, అంటే లోపల మెదడు ఎంత పెద్దదో కొలవడానికి. సంగటికని ఇంట్లో రాగులు ఎప్పుడూ ఉంటాయి. పుర్రెని తలకిందులు చేసి, వెన్నుపాము దిగే రంధ్రంలోంచి రాగులు పోసి, కుదిపి, మళ్లీ పోసి నిండుగా నింపుతాం. తర్వాత వాటిని కొలజాడీలోకి వంచుతాం. మిసెస్ ప్లెస్‌కి మా పిల్లలకు 470 సీసీ వచ్చింది, పుస్తకాల్లో 485 ఉంటుంది. ఎరెక్టస్‌కి వెయ్యి దాటింది. మనదానికి 1,380. నేల మీద చిందిన రాగులు ఏరుకుంటూ పిల్లలు వేసుకున్న లెక్క పరీక్ష అయిపోయాక కూడా గుర్తుంటుంది. సెట్‌లో పెద్ద లోపం కూడా ఇక్కడే బయటపడింది. నియాండర్తల్ పుర్రెకి ఆ రంధ్రం మూసేసి పోశారు. అది సుమారు 1,600 సీసీ, అంటే మనకన్నా పెద్దది. పిల్లలు నమ్మని సంగతే అది, దాన్నే కొలిచి చూపించలేకపోయాను.

ఇక ఇంట్లో సంగతి. పెట్టె విప్పిన రోజు మా అత్త గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఏందిమే ఇవి? దీపం పెట్టే ఇంట్లోకి పుర్రెలు తెస్తావా?" అనింది. ప్లాస్టిక్ లాంటివే అత్తా, నిజమైనవి కావు అని చెప్పినా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె మాట కాదనలేదు నేను. పూజ గది కనబడని చోట, వరండాలో అద్దాల బీరువా కొని అందులో పెట్టాను. చనిపోయినవాళ్ల ఎముకలకు విడిగా ఒక చోటు ఉండాలని ఆమె అనుకోవడం నాకు మూఢనమ్మకంగా అనిపించదు. నేను పిల్లలకు చెప్పాల్సిన పాఠంలో ముఖ్యమైన ముక్కే అది.

ఎందుకంటే నమ్మకం రాయిగా మారి మిగలదు. పుర్రె మిగులుతుంది, పన్ను మిగులుతుంది, ప్రార్థన మిగలదు. పూడ్చిన గుంత మాత్రం మిగులుతుంది. లా షపెల్ ముసలాయన్ని 1908లో తవ్వి తీసింది కేథలిక్ ఫాదర్లు. ఆ సంగతి చెప్తే మా పిల్లలు ఆశ్చర్యపోతారు. దేవుణ్ణి నమ్మేవాళ్లు ఇలాంటి పనులు చేయరని వాళ్ల ఊహ. ఆయన్ని గుంతలో పడుకోబెట్టి పూడ్చారని ఆ ఫాదర్లు అప్పుడే రాశారు. చాలామంది ఒప్పుకోలేదు. వందేళ్ల తర్వాత అదే చోట మళ్లీ తవ్వినవాళ్లు, ఆ గుంత తవ్విందే అనీ, కావాలనే పూడ్చారనీ 2013లో ప్రకటించారు. అయినా పూడ్చడం వేరు, చావు తర్వాత ఇంకేదో ఉందని నమ్మడం వేరు. నియాండర్తల్ ఏమనుకున్నాడో ఆ గుంత చెప్పదు. రష్యాలో సుంగీర్ దగ్గరి సమాధుల్లో, 30 వేల ఏళ్లకు ముందటి మనలాంటి మనుషుల పక్కన మామత్ ఏనుగు దంతంతో చేసిన పూసలు వేలకొద్దీ దొరికాయి. ఒక్కో పూసకి ఎంతసేపు కూర్చుని చెక్కి ఉంటారో! చనిపోయినాయనకి పూసలెందుకు మేడమ్ అని ఒక పిల్ల అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్క పిల్లాడు, "మా తాతకి కొత్త పంచె, బీడీ కట్ట పెట్టి పూడ్చినారు" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

మా అత్త పదిహేను రోజుల తర్వాత తనంతట తనే బీరువా దగ్గరికొచ్చింది. పిల్లలు వెళ్లిపోయారు, నేను రాగులు ఎత్తుతున్నాను. నియాండర్తల్‌ని చేతిలోకి తీసుకుని కింది దవడ మీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది. ఆ దవడలో వెనక పళ్లు ఊడిపోయిన చోట ఎముక పూడుకుపోయి నున్నగా ఉంటుంది. అంటే పళ్లు ఊడాక కూడా ఆయన చాన్నాళ్లు బతికాడు. మా అత్తకూ పళ్లు లేవు. సంగటి ముద్ద పలచగా పిసికి, పప్పుచారు పోసి ఇస్తే తింటుంది. "ఈయనకి పండ్లు లేవే. ఎవురు మెత్తగా చేసి పెట్టినారో పాపం" అనింది. శాస్త్రవేత్తల్లో కొందరు సరిగ్గా ఇదే మాట అన్నారు. అంత సాయం లేకుండానే తినగలిగేవాడని ఇంకొందరు అన్నారు. ఆ రెండో వాదన ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. తర్వాత అడిగింది: "తల ఏ పక్క పెట్టినారు?" పడమటి పక్క అత్తా అన్నాను. తల ఊపి, పుర్రెని రెండు చేతులతో జాగ్రత్తగా లోపల పెట్టింది.

సెట్‌తో పాటు ఇచ్చిన 16 పేజీల పుస్తకం మాత్రం నాకు నచ్చలేదు. అట్ట మీద అదే పాత బొమ్మ, కోతి నడుం ఎత్తుతూ ఎత్తుతూ మనిషైనట్టు. పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలేసిన చెట్టు. నియాండర్తల్ మన తాత కాదు, పెదనాన్న కొడుకు లాంటివాడు. ఇక ఆఖరి పేజీలో దశావతారాలను వరసగా పేర్చి డార్విన్ సిద్ధాంతం మనవాళ్లకు ముందే తెలుసని రాశారు. ఇది నాకు బాధ కలిగించింది. నేను నెలకోసారి అలిపిరి మెట్లెక్కి స్వామిని చూసొచ్చే మనిషిని. మత్స్యం, కూర్మం, వరాహం వరస చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ పరశురాముడు, రాముడు, కృష్ణుడు ముగ్గురూ మనలాంటి దేహంతో వచ్చినవాళ్లే. అవతారం ధర్మం కోసం దిగి రావడం. పరిణామంలో ఎవరూ దిగి రారు, తరతరాలుగా మారతారు. రెంటినీ కలిపితే పిల్లలకు రెండూ సరిగ్గా తెలియకుండా పోతాయి.

ఆ పేజీలో మన చుట్టుపక్కల సంగతి రాసి ఉంటే ఎంత బాగుండేది. అతి పాతదంటే మావాళ్లకు గుర్తొచ్చేది గుడిమల్లం శివలింగమే, రెండు వేల ఏళ్ల పైమాట. కానీ పుత్తూరు, నాగలాపురం మీదుగా ఊత్తుకోట దాటితే తమిళనాడులో అత్తిరంపాక్కం వస్తుంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ రాతి గొడ్డళ్లు కనుగొన్నాడు. అడుగు పొరలో దొరికినవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో లెక్క తేల్చారు.

దేవుణ్ణి నమ్మొద్దని చెప్తారా మేడమ్ అని ఒక తల్లి టెన్షన్ పడుతూ వచ్చింది. ఆమెకు మెట్లదారి సంగతి చెప్పాను. 2023లో చిరుతల భయంతో టీటీడీ కర్రలిచ్చి గుంపులుగా పంపినప్పుడు నేనూ నడిచాను. ఏడో మైలు దాటాక పొద కదిలింది. అందరం గక్కున ఆగిపోయాం, చూస్తే కోతి. గాలిని చిరుత అనుకుంటే పోయేది ఏమీ లేదు, చిరుతని గాలి అనుకుంటే ప్రాణం పోతుంది. అందుకే కదిలే ప్రతిదాని వెనకా ఎవరో ఉన్నారని అనుకునే మనసు మనకు మిగిలిందనీ, నమ్మకానికి ఒక వేరు అక్కడుందనీ గుత్రీ, బారెట్ లాంటి పరిశోధకులు అంటారు. అంతలో వెనకనుంచి ఎవరో గోవిందా అన్నారు. అందరం ఒక్క గొంతుతో అందుకున్నాం, నా కాళ్ల వణుకు తగ్గింది. కలిసి పాడితే, కలిసి కదిలితే ఒంట్లో ఎండార్ఫిన్లు ఊరి, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా దగ్గరవుతారని డన్‌బార్ అనే ఇంకో పరిశోధకుడు అంటాడు. ఇవి వాదాలే, ఇంకా తేలలేదు. తేలినా, కొండ మీద స్వామి ఉన్నాడా లేడా అన్నది వాటితో తేలదు. నమ్మే మనసు ఎట్లా తయారైందో మాత్రమే అవి అడుగుతాయి. ఆ ప్రశ్న అడిగినందుకు నా భక్తి ఏమీ తగ్గలేదని చెప్పాను. ఆమె కూతురు ఇప్పటికీ వస్తోంది.

స్కూలుకో ట్యూషన్‌కో అయితే డబ్బుకు తగ్గ వస్తువే. పుస్తకం పక్కన పెట్టేయండి. ఆర్డర్ చేసేముందు నాలుగింటికీ కింది రంధ్రం తెరిచి ఉందా అని అడిగి తెలుసుకోండి. నేను ఫోన్ చేస్తే అమ్మినవాళ్లు మర్యాదగానే మాట్లాడారు, నియాండర్తల్‌ని వెనక్కి పంపితే తెరిచినది ఇస్తామన్నారు. పెట్టె కూడా సర్దాను. మా అత్త చూసి, "ఆ ముసలాయన్ని యాడికీ పంపొద్దు" అనింది. పంపలేదు.