ఐదేళ్ల వాడకం తర్వాత: ఐదంతస్తుల కాంప్లెక్స్‌లో 16 ఐపీ కెమెరాలు

విజయవాడలో కింద షాపులు, పైన ఆఫీసులు ఉన్న భవనం. 2020లో పెట్టించిన సిస్టమ్: 4 మెగాపిక్సెల్ కెమెరాలు 16, వాటిని రికార్డు చేసే ఎన్‌వీఆర్ ఒకటి, ఒకే కేబుల్‌లో డేటాతో పాటు కరెంటూ ఇచ్చే పీఓఈ స్విచ్ ఒకటి. బయట నాలుగు, సెల్లార్‌లో నాలుగు, అంతస్తుకొకటి చొప్పున లిఫ్టు ముందు ఐదు, మెయిన్ ఎంట్రన్స్, మీటర్ల గది, డాబా ఒక్కొక్కటి. ఈ ఐదేళ్లలో కెమెరా తనంతట తాను పాడైంది రెండుసార్లే. ఇబ్బంది పెట్టినవన్నీ కోటేషన్‌లో ఒక్క లైనుతో తేల్చేసిన వస్తువులు: కేబుల్, కనెక్టర్, స్విచ్, హార్డ్ డిస్క్.

మొదట లాగిన క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్‌లో సగం రాగి పూత పూసిన అల్యూమినియం. డబ్బా చూస్తే తెలీదు. తీగ కొసను బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది, అసలు రాగి ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. అల్యూమినియానికి రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి దూరం పెరిగేకొద్దీ కెమెరాకు చేరే వోల్టేజీ పడిపోతుంది. పగలు బాగానే నడుస్తాయి. చీకటి పడి కెమెరాలోని ఐఆర్ లైట్లు (రాత్రి చూపు కోసం ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) వెలగ్గానే దూరాన ఉన్నవి ఆగిపోయి, మళ్లీ ఆన్ అయి, మళ్లీ ఆగిపోతాయి. రోజూ అదే వేళకు ఇలా జరుగుతుంటే కెమెరా మార్చకండి, ముందు కేబుల్‌నూ స్విచ్‌నూ అనుమానించండి. 16 పోర్టులున్న స్విచ్ 16 కెమెరాలకూ సరిపడా పవర్ ఇస్తుందన్న నమ్మకం లేదు. పీఓఈకి ఉన్న 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు, అన్నిటికీ పూర్తిగా ఇవ్వాలంటే 246 వాట్లు. మాకు బిగించిన స్విచ్ మొత్తం కలిపి ఇచ్చేది 96. రాత్రి కెమెరాకు ఏడు వాట్లు వేసుకున్నా 112 కావాలి. 250 వాట్ల స్విచ్ పెట్టి, దూరపు లైన్లు అసలు రాగితో మళ్లీ లాగాక ఆ బాధ పోయింది.

బయటి కెమెరాల అసలు రోగం జాయింటులో ఉంది. రెండు వానాకాలాలు గడిచాక జంక్షన్ బాక్స్ మూత తీసి చూస్తే, కేబుల్ కొసకు బిగించే ఆర్‌జే 45 ప్లగ్ పిన్నులు ఎనిమిదింటిలో మూడు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి, ఒకటి సగానికి తినేసింది. పీఓఈ లైనులో రాత్రింబగళ్లు 48 వోల్టుల డీసీ ఉంటుంది, దానికి తేమ తోడైతే పిన్ను నిలవదు. కెమెరాతో పాటు రబ్బరు రింగున్న వాటర్‌ప్రూఫ్ క్యాప్ వస్తుంది. దాన్ని క్రింపింగ్‌కు (ప్లగ్‌ను తీగలకు నొక్కి బిగించడానికి) ముందే కేబుల్‌కు ఎక్కించాలి. మర్చిపోతే కొస కోసి మళ్లీ క్రింప్ చేయాలి కాబట్టి చాలామంది పక్కన పడేస్తారు. బిగించేటప్పుడు దగ్గరుండి అడగండి. కేబుల్ బాక్సులోకి కింది నుంచే వెళ్లాలి, వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడి పైకి తిరగాలి. అప్పుడు నీరు తీగ వెంట లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

గేటు కెమెరా రాగి కేబుల్ మీద ఉన్నప్పుడు ఓసారి పిడుగుకు స్విచ్‌లో రెండు పోర్టులతో సహా పోయింది. ఇప్పుడు అక్కడికి ఫైబర్ వేసి, రెండు కొసలా ఫైబర్‌ను రాగి లైనుకు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టారు. భవనం దాటి వెళ్లే ప్రతి లైనుకూ ఇదే సరైన పద్ధతి.

లెన్సు విషయంలో 2.8 ఎం.ఎం. (ఎం.ఎం. తగ్గేకొద్దీ వెడల్పుగా చూపిస్తుంది) అంతటా వేసేయడం పొరపాటు. ఏరియా అంతా కనిపిస్తుంది కానీ మనిషిని గుర్తుపట్టేంత స్పష్టత నాలుగు మీటర్ల దాకానే. 4 ఎం.ఎం.తో సుమారు ఆరు, 6 ఎం.ఎం.తో పది మీటర్లు. ఎత్తు ఎనిమిది తొమ్మిది అడుగులు దాటితే హెల్మెట్లూ నడినెత్తులే రికార్డవుతాయి. అద్దాల తలుపుకు ఎదురుగా పెట్టే కెమెరాకు 120 డెసిబెల్స్ డబ్ల్యూడీఆర్ (వెలుగునీడల తేడాను సర్దే సౌకర్యం) ఉండి తీరాలి, లేకపోతే పగలు లోపలికొచ్చే మనిషి నల్లటి నీడే. బండి నంబరు కావాలంటే దానికి విడిగా సన్నని కోణం లెన్సుతో, వేగమైన షట్టర్‌తో కెమెరా ఉండాలి. మామూలు కెమెరాకు రాత్రి హెడ్‌లైటు వెలుగులో నంబరు ప్లేటు తెల్లటి ముద్ద.

ఇక డిస్క్. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ఫుటేజీ 30 రోజులు ఉంచమంటుంది. సెకనుకు 1 మెగాబిట్ (1 ఎంబీపీఎస్) చొప్పున ఆగకుండా రాస్తే రోజుకు 10.8 జీబీ. హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో కెమెరాకు 2 ఎంబీపీఎస్ పెడితే 16 కెమెరాలకు రోజుకు 346 జీబీ, నెలకు 10.4 టీబీ. మాకిచ్చింది ఒక్క 6 టీబీ డిస్క్, అంటే 17 రోజులు. ‘30 రోజుల బ్యాకప్’ అని రాసింది కదలిక ఉన్నప్పుడే రాసే మోషన్ రికార్డింగ్ లెక్కన. ఇప్పుడు 6 టీబీవి రెండున్నాయి, రెండూ రాత్రింబగళ్లు రాయడానికి చేసిన సర్వైలెన్స్ రకం. నాలుగో ఏడు మొదటి డిస్క్ పోయినప్పుడు తెరమీద లైవ్ చక్కగా వస్తూనే ఉంది, రికార్డింగ్ మాత్రం లేదు. ఎన్‌వీఆర్ బీప్ ఎవరో ఆపేశారు. అందుకే వాచ్‌మన్ చూడాల్సింది లైవ్ కాదు, నిన్నటి ప్లేబ్యాక్. వారానికోసారి ఏదో ఒక కెమెరాలో, ఏదో ఒక అర్ధరాత్రి గంట తెరిచి చూడాలి.

ఎన్‌వీఆర్ గడియారాన్ని నెట్ ద్వారా సమయం సరిచేసే ఎన్‌టీపీకి కలపండి. కలపకపోతే నెలకు కొన్ని సెకన్లు జారి, ఏడాది తిరిగేసరికి నిమిషాల్లోకి వెళ్తుంది. పోలీసులకు ఫుటేజీ ఇస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63(4) సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ (ఫైలు మారితే తానూ మారిపోయే కోడ్) కూడా రాయాలి, కాబట్టి కత్తిరించకుండా ఎన్‌వీఆర్ నుంచి నేరుగా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలే ఇవ్వండి.

సాలీళ్లు రాత్రి కెమెరా దగ్గరికి వచ్చే పురుగుల కోసం లెన్సు ముందే గూడు కడతాయి. రాత్రి ఆ ఒక్క పోగు తెరనిండా తెల్లటి తాడులా ఊగుతుంటే మోషన్ అలర్టులు వందల్లో వస్తాయి. పదిహేను రోజులకోసారి మెత్తటి బ్రష్‌తో దులపాలి. డోమ్ కవరును పొడిగుడ్డతో రుద్దితే సన్నగీతలు పడి ఐఆర్ చెదురుతుంది, ముందు నీళ్లతో దుమ్ము కడగాలి.

కొత్తగా కొనేవాళ్లు మోడల్ నంబరుకు కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోండి, 2025 ఏప్రిల్ 9 నుంచి అది తప్పనిసరి. ఆర్డరులో ‘అసలు రాగి క్యాట్ 6’, స్విచ్ మొత్తం వాట్లు, డిస్క్ టీబీ విడివిడిగా రాయించండి. అడ్మిన్ పాస్‌వర్డు బిగించినవాళ్ల దగ్గర కాకుండా భవనం అసోసియేషన్ దగ్గర ఉండేలా చూసుకోండి.