ఆల్ వీల్ డ్రైవ్ బండికి ‘వింటర్ టైర్లు’ అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను, కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. సికింద్రాబాద్ వైపు పెద్ద టైర్ల షాపే, పేరు రాయను.

పిల్లలతో మనాలికి మా కారులోనే పోదామని టైర్లకు వెళ్ళాను. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే ఆల్ వీల్ డ్రైవ్ బండి మాది. “మీది ఆల్ వీల్ డ్రైవ్ సార్, దీనికి ఇంపోర్టెడ్ వింటర్ టైర్ పడితే మంచు మీద రైలు లెక్క పోతది” అన్నాడు. నాలుగూ కలిపి 72 వేలు. పాతవి అక్కడే పెట్టేసుకున్నాడు.

పది రోజులకు పంక్చర్. మా వీధి చివర షాపు అబ్బాయి చక్రం ఊడదీసి, లోపలి వైపు బురద తడిగుడ్డతో తుడిచి, ఫోన్ లైటు వేసి చూపించాడు. టైరు పక్క మీద అచ్చు వేసే డాట్ నంబరు చివర కోడిగుడ్డు ఆకారపు గడిలో 3819. అంటే 2019లో 38వ వారం తయారీ, కొత్తవని అమ్మింది ఏళ్ళ నాటి సరుకు. మిగతా మూడూ జాకీ వేసి ఎత్తి చూశాం, అవీ 2019వే. నాలుగింటికీ తేదీ ఉన్న వైపు లోపలికి తిప్పి బిగించాడు ఆ పెద్ద షాపువాడు. ఇది పొరపాటున జరిగే పనేనా?

పైగా అవి వింటర్ టైర్లే కావు. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అని మాత్రమే ఉంది. అది కంపెనీ తనంతట తాను వేసుకునే ముద్ర. మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకైతే మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ ఉంటుంది.

ఇవాళ వెళ్ళి అడిగితే, నలుగురి ముందు, తల కూడా ఎత్తకుండా, “చదువుకున్నోళ్ళే కద సార్, ఎక్కించేముందు చూసుకోవద్దా? రిమ్ముకెక్కినంక వాపస్ లేదు” అన్నాడు. నా పాత టైర్లేవి అంటే అమ్మేశాడట! గట్టిగా అడిగితే “రెండు వేరేవి వేస్తా, సగం కట్టండి” అన్నాడు. రెండు ఒక రకం, రెండు ఇంకో రకం వేస్తే చుట్టుకొలత తేడా వచ్చి ముందు వెనక చక్రాలను కలిపే కప్లింగ్ దెబ్బతింటుందని టైర్లమ్మేవాడికి తెలియదా?

నా తప్పూ ఉంది. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది గానీ ఆపదు. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా పట్టు టైరుదే. నిజమైన వింటర్ టైరు 7 డిగ్రీల కింద కూడా మెత్తగా ఉంటుంది కాబట్టి మంచు ఊళ్ళలో ఉండేవాళ్ళకు ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా అది కొనదగ్గదే. మన దగ్గర డిసెంబరు తెల్లవారుజామున కూడా 7కి దిగడం అరుదు. మే నెల ఎండలో ఔటర్ మీద ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది, బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. మనాలికి 2000 కిలోమీటర్ల పైనే, మంచు ఉండేది ఆ చివర కాస్త. ఇవేవీ ఆలోచించకుండా డబ్బు కట్టాను. ఆ టైర్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కేవాణ్ణి, తలుచుకుంటే గుండె జారిపోతోంది.

కొనేవాళ్ళు టైరు రిమ్ముకెక్కకముందే తేదీ చూసి ఫొటో తీయండి, ఆ నంబరు బిల్లు మీద రాయించండి. పాత టైర్లు ఇంటికి తెచ్చుకోండి. మనాలి ఒక్కసారి చూసి రావడానికైతే మంచి మామూలు టైర్లు, డిక్కీలో టైర్లకు చుట్టే మంచు గొలుసులు పెట్టుకోండి.

బిల్లు నా దగ్గరే ఉంది. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను.