జీహెచ్‌సీ స్ట్రిక్ట్‌నెస్ ఎనలైజర్: పనిమంతురాలే, నోరే విప్పదు

హాస్కెల్ భాష కంపైలర్ జీహెచ్‌సీలో, మేం హాస్కెల్ రాసేవాళ్లం రోజూ వాడుకుంటూ కూడా పట్టించుకోని సరుకిది. ఈ భాషలో ఫంక్షన్‌కిచ్చిన ఆర్గ్యుమెంట్‌ని అవసరం పడేదాకా లెక్కకట్టరు. థంక్‌గా, అంటే తర్వాత చేయాల్సిన లెక్కగా మూటకట్టి, హీప్ అనే మెమరీలో పడేస్తారు. ఆ విలువ ఎలాగూ కావాల్సిందేనని కంపైలర్ ముందే పసిగడితే మూట అక్కర్లేదు; అలా ఆర్గ్యుమెంట్ తప్పక కావాల్సిన ఫంక్షన్‌నే స్ట్రిక్ట్ అంటారు. 1980లో ఎలన్ మైక్రాఫ్ట్ దారి చూపించిన ఈ ఎనాలిసిస్, జీహెచ్‌సీకి ఆప్టిమైజ్ చేయమని మైనస్ ఓ ఇవ్వగానే నడుస్తుంది.

దీని సత్తా రికర్షన్ దగ్గర తెలుస్తుంది. ఒకటి నుంచి ఎన్ దాకా కూడే ‘గో’ ఫంక్షన్ తీసుకోండి. ఎన్ సున్నా అయితే ఎక్యుములేటర్‌ని, అంటే అప్పటిదాకా కూడిన మొత్తాన్ని తిరిగిస్తుంది, లేదంటే కూడి మళ్లీ తననే పిలుచుకుంటుంది. గో స్ట్రిక్టో కాదో తేలాలంటే ముందు గో సంగతే తెలియాలి కదా! అందుకని అన్నీ కావాలన్న ఆశతో మొదలెట్టి, బాడీ చూసి సవరించుకుంటూ, జవాబు మారడం ఆగేదాకా తిరుగుతుంది. కంపైలర్ లోపల వాడుకునే ‘కోర్’ భాషలో కోడ్‌ని బయటికి తీస్తే (కోర్ డంప్) పేరు ముందు డాలర్, డబ్ల్యూ తగిలించుకున్న గో కనిపిస్తుంది. రెండు పారామీటర్లూ ఇంట్ పక్కన హ్యాష్, అంటే పెట్టె విప్పేసిన ఉత్త అంకెలు. లూప్‌లో హీప్ ఊసే లేదు. చూడముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు మొత్తాన్నీ, ఎన్ని కూడామన్న సంఖ్యనీ టపుల్‌లో (విలువల జంటలో) పెట్టి తిరిగిచ్చే గో రాసి, మాడ్యూల్ బయటికి ఎగుమతి చేయండి. టపుల్ కట్టడానికి లోపలి విలువలు అక్కర్లేదు గనక ఎనలైజర్ చేతులెత్తేస్తుంది, థంకులు పేరుకుంటాయి. న్యాయంగా చూస్తే దాని తప్పేం లేదు, భాష అర్థమే అలాంటిది. నా పేచీ వేరు: ఒక్క వార్నింగ్ కూడా రాదే! మెమరీ ఉబ్బాక ప్రొఫైలర్ పట్టుకుని మనమే వెతుక్కోవాలి. ఏ ఆర్గ్యుమెంట్ ఎంత కావాలో ఎనలైజర్ డంపులో రాసే డిమాండ్ సిగ్నేచర్ల రాత కూడా వెర్షన్ల మధ్య మారింది, పాత డంపులకి అలవాటుపడ్డ కళ్లకి కొత్తవి గజిబిజి.

టైపుని ఇంట్ అని తేల్చకుండా నమ్ (ఏ అంకెల టైపైనా సరే) అని వదిలేసినా ఇదే తంతు. ఆ ప్లస్ ఏ ప్లస్సో తెలియనిదే స్ట్రిక్ట్ అని ఎలా అంటుంది? ఒక ఖాయమైన టైపుకి స్పెషలైజ్ అయితే తప్ప.

ఈ ఎనలైజర్ కాక, జీహెచ్‌సీలో రికర్షన్ ప్రతి పిలుపుకీ విలువ మారకుండా చేతులు మారే పారామీటర్లని బయటికి లాగే స్టాటిక్ ఆర్గ్యుమెంట్ ట్రాన్స్‌ఫర్మేషన్ కూడా ఉంది గానీ, ఇంకా గట్టి ఆప్టిమైజేషన్ అయిన ఓ2లో కూడా అది ఆన్ కాదు. విడిగా అడగాలి.

ఐదుకి నాలుగిస్తాను. టైప్ సిగ్నేచర్ రాసి, టపుల్‌లోకి వెళ్లే ఎక్యుములేటర్లకి బ్యాంగ్ (వెంటనే లెక్కకట్టమనే ఆశ్చర్యార్థకం గుర్తు) నేనే పెట్టుకుంటాను, మిగతాది దానికే వదిలేస్తాను. అన్నట్టు, జీహెచ్‌సీ ఇంటరాక్టివ్ రూపమైన జీహెచ్‌సీఐలో కొలిచి తిట్టకండి, అక్కడ మామూలుగా ఆప్టిమైజేషనే జరగదు.